ఉప్పునేల మీద యుద్ధభూములు



యుద్ధం జరిగిన చోటు చూసొద్దామంటే మన ఆంధ్రదేశంలో ఎవరైనా ముందు కారంపూడి పేరు చెబుతారు. నాగులేటి ఒడ్డు, వీరుల గుడి, ఏటేటా జరిగే ఉత్సవం. లేదంటే బొబ్బిలి అంటారు. గుడివాడ, బందరు అనే మచిలీపట్నం, దివిసీమ అని మాత్రం ఎవరూ అనరు. ఆ దారిన మనం పెళ్ళిళ్ళకు పోతాం. కలెక్టరాఫీసు పనిమీద పోతాం. పిల్లలకు చెవులు కుట్టించడానికి మోపిదేవి పోతాం. కార్తీకమాసంలో సముద్రస్నానానికి మంగినపూడి పోతాం. తెలుగు కోస్తా మొత్తం ఎవరి చేతికి పోవాలో తేలిన చోటు పక్కనుంచే పోతున్నామని తెలియకుండా పోతాం.

అలా జరగడానికి తప్పు పూర్తిగా మనదే అనను. కృష్ణ కిందిసీమలో నేలకు ఏదీ దాచిపెట్టుకునే గుణం లేదు. ఇక్కడ కొండ లేదు, బండ లేదు. కోట కట్టాలన్నా ఇటుకే, మట్టే. రాజ్యం పోయాక ఆ ఇటుక ఊళ్ళోవాళ్ళ గోడల్లోకి, బావుల్లోకి వెళ్ళిపోతుంది. మిగిలిన దిబ్బను నాగలి చదును చేస్తుంది. దాని మీద వరద ఒండ్రు వేస్తుంది. నాలుగు తరాలు తిరిగేసరికి అది ఫలానావారి మూడెకరాల చెక్క, అంతే. అందుకని ఈ ప్రాంతానికి చరిత్ర చూడాలని బయలుదేరేవాళ్ళు కథ ముందే తెలుసుకుని వెళ్ళాలి. అక్కడికి వెళ్ళాక నేల దానంతటది ఏమీ చెప్పదు.

ప్రయాణం గుడివాడ నుంచి మొదలుపెట్టమని నా సలహా. అక్కడ ఊరి నడుమే ఒక పాత దిబ్బ ఉంది. బౌద్ధుల కాలం నాటి స్తూపం ఉన్న చోటది. పందొమ్మిదో శతాబ్దం చివర పురావస్తుశాఖవారు గుడివాడ, ఘంటసాల, భట్టిప్రోలు దిబ్బలను పరిశీలించి రాసిపెట్టారు. అప్పటికే ఆలస్యమైంది. భట్టిప్రోలు స్తూపం చలవరాయి కాలవ పనుల్లోకి వెళ్ళిపోయింది. కాలవలు మనకు అన్నం పెట్టాయి, కాదనను. కానీ ఆ రాయికి బదులు ఇంకో రాయి దొరకదా అని ఇవాళ్టికీ నాకు కడుపులో బాధే.

గుడివాడకు ఈశాన్యాన కైకలూరు దాటితే కొల్లేరు. మనకు కొల్లేరంటే కొంగలు, చేపల చెరువులు. అక్కడే ఏడో శతాబ్దం మొదట్లో ఒక భయంకరమైన పోరు జరిగింది. బాదామి చాళుక్యరాజు రెండో పులకేశి తూర్పుతీరం మీదికి దండెత్తి వచ్చి కునాల సరస్సు దగ్గర యుద్ధం చేశాడని 634 నాటి ఐహోళె శాసనంలో రవికీర్తి అనే కవి చెక్కించాడు. ఆ కునాల మన కొల్లేరేనని చరిత్రకారుల నిర్ణయం. నీళ్ళు నెత్తురుతో రంగు మారాయని ఆ కవి వర్ణన. కవి మాటలో అతిశయం ఎంతో తీసేసినా, ఆ యుద్ధం ఫలితం మాత్రం చిన్నది కాదు. పులకేశి తన తమ్ముడు కుబ్జవిష్ణువర్ధనుణ్ణి ఇక్కడ కూర్చోబెట్టాడు. అక్కణ్ణించి వేంగిలో తూర్పు చాళుక్యుల ఏలుబడి మొదలైంది. ఆ వంశంలోవాడే నన్నయగారి చేత భారతం మొదలుపెట్టించిన రాజరాజనరేంద్రుడు. కొల్లేటి గట్టు మీద బండి ఆపి పక్షులను చూసే పిల్లలకు ఈ రెండు ముక్కలూ చెప్పండి. వింటారు.

గుడివాడ నుంచి బందరుకు గుడ్లవల్లేరు మీదుగా వెళ్తే దారిలో పెడన తగులుతుంది. యుద్ధాల ప్రయాణంలో నేత ఊళ్ళో ఆగడమేమిటని అడగకండి. ఆ యుద్ధాలు ఈ గుడ్డ కోసమే వచ్చాయి. పరాయిదేశాల ఓడలు బందరు రేవులో లంగరు వేసింది మిరియాల కోసం కాదు, వజ్రాల కోసం మాత్రమే కూడా కాదు. అద్దకం గుడ్డ కోసం. ఆ గుడ్డ ఇచ్చి తూర్పు ద్వీపాల్లో లవంగాలు, జాజికాయలు కొనేవారు. పర్షియాకు, ఆ తర్వాత యూరపు ఇళ్ళకు కూడా మన గుడ్డ పోయేది.

పెడనలో ఇప్పటికీ ఆ పని జరుగుతోంది. ఒక అద్దకం శాల ముందు కాసేపు నిలబడండి. గుడ్డను ముందు కరక్కాయ పొడి, గేదెపాలు కలిపిన నీళ్ళలో ముంచి ఆరబెడతారు. పాలు ఎందుకంటే, రంగు అచ్చు దాటి చెదరకుండా పట్టుకోవడానికి. నల్లరంగుకు తుప్పుపట్టిన ఇనుప ముక్కలు బెల్లపునీళ్ళలో వేసి రోజుల తరబడి ఊరబెడతారు. ఎర్రరంగు పడాల్సిన చోట పటిక నీళ్ళతో అచ్చు వేస్తారు. అచ్చు టేకుచెక్కతో చేసింది. పూవుకు ఒకటి, తీగకు ఒకటి, నేపథ్యానికి ఒకటి. పనివాడు అచ్చును రంగుదిండు మీద ఒత్తి, గుడ్డ మీద పెట్టి, పిడికిలి అంచుతో దాని వీపు మీద ఒక్క దెబ్బ వేస్తాడు. తరువాతి అచ్చు మొదటిదాని కొసకు వెంట్రుకవాసి తేడా లేకుండా ఆనుతుంది. కొలతబద్ద ఉండదు. కంటి కొలతే. ఉతకడానికి పారే నీళ్ళు కావాలి. నిలవనీళ్ళలో రంగు తిరిగి గుడ్డకే అంటుకుంటుంది. మన కాలవల చలవ వల్లే ఈ పని ఇక్కడ నిలిచింది. దీనికి ఇప్పుడు మచిలీపట్నం కలంకారీ అనే భౌగోళిక గుర్తింపు కూడా ఉంది. ఒక దుప్పటో, చీరో కొనండి. బేరం మరీ గట్టిగా ఆడకండి.

ఇక బందరు.

గ్రీకు రోమను రచయితలకు ఈ తీరం పేరు తెలుసు. గోల్కొండ కుతుబ్‌షాహీలకు ఇదే పెద్ద రేవు. పదిహేడో శతాబ్దం మొదట్లో డచ్చివారు వచ్చారు. 1611లో గ్లోబ్ అనే ఓడ మీద ఇంగ్లీషువారు వచ్చి గిడ్డంగి పెట్టారు. 1669లో ఫ్రెంచివారు. ఎవరి పేట వారిది. బందరులో ఇప్పటికీ వలందపాలెం, ఇంగ్లీషుపాలెం, పరాసుపేట ఉన్నాయి. ఇందులో పరాసుపేటది ఒక వింత చరిత్ర. ఇక్కడ ఫ్రెంచివారికి మిగిలిన ఆ చిన్న స్థలం మనకు స్వాతంత్ర్యం వచ్చేనాటికి కూడా ఫ్రెంచివారిదే. 1947 అక్టోబరులో గాని భారతదేశానికి అప్పగించలేదు.

ఊరికీ సముద్రానికీ నడుమ బందరుకోట ఉంది. కోట అన్నారని బురుజులు, అగడ్తలు ఊహించుకుని వెళ్ళకండి. కూలిన ఇటుకగోడలు, ఒక గంటస్తంభం, ఆయుధాగారం అని చెప్పే శిథిలం, డచ్చివారి సమాధులు, చుట్టూ సర్కారుతుమ్మ, ఆ పైన పర్ర. పర్ర అంటే తెలియని పట్నం పిల్లలకు చెప్పాలి. పోటు వచ్చినప్పుడు ఉప్పునీరు కమ్మి, తీసినప్పుడు బురద మిగిలే చవిటినేల. ఎండకు పైన తెల్లగా ఉప్పు పేరుతుంది, కింద మాత్రం మోకాలిదాకా దిగబడుతుంది. ఆ పర్రను బాగా చూడండి. 1759లో కోటను కాపాడాల్సిందీ అదే, పడగొట్టిందీ అదే.

సంగతి ఇలా జరిగింది. హైదరాబాదు నిజాం సలాబత్‌జంగ్ 1753లో ఉత్తర సర్కారుల నాలుగు జిల్లాల శిస్తును ఫ్రెంచి సేనాని బుస్సీకి, అతని సైన్యం జీతాల కింద రాసిచ్చాడు. బందరు అంతకుముందే వాళ్ళ చేతికి వచ్చింది. అయిదేళ్ళు గడిచాక బుస్సీని పాండిచ్చేరి పెద్దలు వెనక్కి పిలిపించుకున్నారు. ఆ అదను చూసి విజయనగరం ఆనందగజపతిరాజు ఫ్రెంచివారి మీద తిరగబడి, ఇంగ్లీషువారికి కబురు పంపాడు. మద్రాసువారు రామన్నారు. బెంగాల్లో ఉన్న క్లైవు ఒప్పుకుని, కర్నల్ ఫోర్డును సైన్యంతో ఓడల మీద పంపాడు. 1758 డిసెంబరులో పిఠాపురం దగ్గర చందుర్తిలో ఫ్రెంచి సేనాని కాన్‌ఫ్లాన్స్ ఓడిపోయాడు. ఓడినవాడు ఓడినట్టు బందరుకోటలో దూరాడు. 1759 మార్చి మొదటివారంలో ఫోర్డు వచ్చి కోట ముందు దిగాడు.

ఫోర్డు స్థితి నిజానికి దయనీయం. కోటలో ఉన్న సైన్యం అతని సైన్యం కంటే ఎక్కువ. తమకు రావాల్సిన డబ్బు ఇవ్వలేదని అతని తెల్ల సైనికులు ముట్టడి మధ్యలో ఎదురుతిరిగారు. మరోవైపు సలాబత్‌జంగ్ పెద్ద దండుతో బెజవాడ దాకా వచ్చి కూర్చున్నాడు. ఇసుకదిబ్బల మీద పెట్టిన ఫిరంగులు పగలంతా బురుజులను పగలగొడితే, రాత్రికి రాత్రి కోటలోవాళ్ళు పూడ్చుకునేవారు. మందుగుండు రెండు రోజులకు సరిపడా మాత్రమే మిగిలింది.

వెనక్కి పోవాలి, లేదా లోపలికి దూకాలి. ఏప్రిల్ 7 రాత్రి, పోటు తీసిన వేళ చూసుకుని, సగం రాత్రికి దాడి మొదలైంది. కాప్టెన్ నాక్స్ కొందరు సిపాయిలతో నైరుతివైపు పర్రలో దిగి బురదలో ఈదుకుంటూ వెళ్ళి అక్కడ తుపాకులు మోగించాడు. అటుపక్క నుంచి మనిషనేవాడు రాలేడని కోటవారి ధీమా. ఆనందగజపతి మనుషులు వాయవ్యాన గట్టుదారి మీద కేకలు పెట్టారు. కోటలో గగ్గోలు పుట్టింది. అసలు దండు ఈశాన్యపు బురుజు గండిలో నుంచి లోపలికి వచ్చింది. చీకట్లో ఏ బురుజు ఎవరి చేతిలో ఉందో కాన్‌ఫ్లాన్స్‌కు అర్థం కాలేదు. తెల్లవారేసరికి లొంగిపోయాడు. లొంగిన సైనికులు, గెలిచిన సైనికుల కంటే ఎక్కువ. కొద్దిరోజులకే పాండిచ్చేరి నుంచి సాయం తెచ్చిన ఓడలు రేవు ముందుకు వచ్చి మళ్ళిపోయాయి.

మే 14న సలాబత్‌జంగ్ సంధి రాసిచ్చాడు. బందరు, నిజాంపట్నం, వాటి చుట్టుపక్కల నేల ఇంగ్లీషు ఈస్టిండియా కంపెనీకి. ఫ్రెంచివారికి తన రాజ్యంలో ఇక చోటు లేదని మాట. మరో ఏడేళ్ళకు, 1766లో, గుంటూరు తప్ప మిగతా సర్కారులన్నీ కంపెనీకి దక్కాయి. మన బడిపుస్తకాల్లో 1757 ప్లాసీకి పేజీలున్నాయి. 1760 వందవాసికి ఉన్నాయి. రెంటికీ నడుమ బందరులో గడిచిన ఈ రాత్రికి సరిగ్గా ఒక పేరా కూడా లేదు. ఫ్రెంచివారి సైన్యానికి కూడు పెట్టింది సర్కారు శిస్తు. ఆ తాడు బందరులో తెగాక వందవాసిలో వాళ్ళు నిలబడతారని ఎలా అనుకోగలం? నా మట్టుకు నేను బందరును ఆ రెంటి పక్కనా పెడతాను.

ఇంకొక సంగతి. ఈ ముట్టడి వివరాలన్నీ కంపెనీ చరిత్రకారుడు రాబర్ట్ ఆర్మ్ రాసిపెట్టినవి. తెల్ల కాప్టెన్లు ఎవరెవరు ఎక్కడ నిలబడ్డారో, ఎవరు గుండు తగిలి పడ్డారో పేరు పేరునా ఉంటుంది. అటూ ఇటూ చచ్చిపోయిన సిపాయిల లెక్క దొరుకుతుంది, పేర్లు దొరకవు. గట్టుదారి మీద అరిచి ప్రాణాలొడ్డిన ఉత్తరాంధ్ర మనుషులకు లెక్క కూడా లేదు. కోటలోపల డచ్చివారి సమాధుల మీద మాత్రం నల్లరాతి పలకలు, వాటి మీద ఉబ్బెత్తుగా చెక్కిన వంశచిహ్నాలు, చనిపోయినవారి పేర్లు ఇప్పటికీ చేత్తో తడిమితే తెలుస్తాయి. ఆ సమాధులను పురావస్తుశాఖ రక్షిత స్థలంగా ప్రకటించింది. మంచిపని. ఏప్రిల్ 7 రాత్రి గురించి కూడా తెలుగులో నాలుగు వాక్యాల పలక ఒకటి అక్కడ నిలబెడితే, దానికయ్యే ఖర్చు ఎంత? జిల్లా పెద్దలను, ఊరి పెద్దలను ఈ ఆకాశవాణి ద్వారా అడుగుతున్నాను.

కోట ఇంతగా శిథిలం కావడానికి కారణం ఫిరంగులు కాదు. 1864 నవంబరు 1 రాత్రి సముద్రం బందరు మీదికి వచ్చింది. దాదాపు 30,000 మంది పోయారు. కోటలో కాపురమున్న సైన్యం ఆ దెబ్బతో ఊరు వదిలిపెట్టి పోయింది. మూడు కంపెనీలు రక్తం ధారపోసి కొట్లాడుకున్న రేవును ఒక్క రాత్రి ఉప్పెన ఎవరికీ కాకుండా చేసింది. దానికి తోడు ఒండ్రు పేరుకుని ఓడలు దూరానే ఆగాల్సి రావడం, రైళ్ళు రావడం. బందరు వైభవం అలా తరిగింది.

ఊళ్ళోకి వచ్చాక కోనేరు సెంటరులో ఆగండి. ఇది తుపాకులు లేని యుద్ధభూమి. 1930 ఉప్పు సత్యాగ్రహం రోజుల్లో తోట నరసయ్యనాయుడు అనే వస్తాదు ఇక్కడ స్తంభమెక్కి మూడు రంగుల జెండా ఎగరేశాడు. పోలీసులు లాఠీలతో చావబాదారు. స్పృహ తప్పేదాకా జెండా వదల్లేదు. ఆ జెండా నమూనా రూపొందించిన పింగళి వెంకయ్యగారు పుట్టిన భట్లపెనుమర్రు ఇక్కడికి ఎంతో దూరం లేదు. ఆయన పాఠం చెప్పిన జాతీయ కళాశాల ఈ ఊళ్ళోదే. కోపల్లె హనుమంతరావు, ముట్నూరి కృష్ణారావు, పట్టాభి సీతారామయ్య గార్లు 1910లో తెరిచిన కళాశాల అది. కృష్ణాపత్రిక ఈ ఊళ్ళో అచ్చయింది. ఆంధ్రాబ్యాంకు ఈ ఊళ్ళో పుట్టింది. రాత్రికి బందరులోనే బస చేయండి. తొక్కుడు లడ్డు కొనుక్కోండి.

రెండోరోజు పొద్దున్నే దివి దారి పట్టాలి. కాస్త తీరిక ఉన్నవారు కూచిపూడి, మొవ్వ చూసుకుని, కృష్ణ ఒడ్డున ఉన్న శ్రీకాకుళానికి వెళ్ళండి. ఉత్తరాంధ్ర శ్రీకాకుళం కాదు, ఘంటసాల పక్కనున్నది. ఆంధ్రమహావిష్ణువు గుడి. కళింగ దండయాత్రకు పోతూ కృష్ణదేవరాయలు ఈ గుడికి వచ్చాడు. ఏకాదశి ఉపవాసమున్నాడు. తెల్లవారుజామున కలలో స్వామి కనబడి, తెలుగులో గోదాదేవి పెళ్ళికథ చెప్పమన్నాడని ఆముక్తమాల్యద మొదట్లో రాయలే రాసుకున్నాడు. కొండవీడు, కొండపల్లి కోటలు పట్టిన చేతితోనే ఆ కావ్యం వచ్చింది. యుద్ధానికి పోయే దారిలో ఒక రాజు ఆగి తెలుగు గురించి ఆలోచించిన చోటది.

చల్లపల్లిలో రాజావారి కోట కనబడుతుంది. దేవరకోట సంస్థానం వారిది. ఈ చుట్టుపక్కల పొలాల్లో గడిచిన శతాబ్దంలో ఇంకో రకం పోరు జరిగింది. దున్నేవాడికి భూమి కావాలని జమీందారీ మీద రైతుకూలీలు నిలబడ్డారు. కమ్యూనిస్టు నాయకుడు చండ్ర రాజేశ్వరరావుగారు ఈ దివితాలూకా మంగళాపురంవారే. ఆ రోజుల జ్ఞాపకాలు ఈ ఊళ్ళలో ఇంకా పచ్చిగానే ఉంటాయి. రెండు పక్షాలవారి ఇళ్ళూ ఇక్కడే ఉన్నాయి కాబట్టి ఆ ప్రస్తావన తెచ్చేటప్పుడు మర్యాదగా తేవాలి.

మోపిదేవి దాటి పులిగడ్డ దగ్గరికి వస్తే కృష్ణ రెండు పాయలు కావడం చూస్తారు. ఆ రెండు పాయల నడుమా, కింద సముద్రం దాకా ఉన్న నేలే దివి. చుట్టూ నీళ్ళున్నాయి కాబట్టి ఇక్కడివారికి ఎవరూ రాలేరన్న ధైర్యం ఒకప్పుడు ఉండేది. ఆ ధైర్యం పదమూడో శతాబ్దం మొదట్లో చెదిరింది. ఓరుగల్లు కాకతి గణపతిదేవుడు వెలనాడు మీద దండెత్తి దివిని కూడా పట్టాడు. ఆ దాడిలో ముందు నడిచిన మల్యాల చౌండసేనాని తనకు దక్కిన బిరుదును 1203 నాటి కొండపర్తి శాసనంలో చెక్కించుకున్నాడు. దివిచూరకారుడట. దివిని కొల్లగొట్టినవాడని అర్థం. కొల్లగొట్టడం గొప్పగా చెప్పుకునే కాలమది.

కానీ గణపతిదేవుడు అక్కడితో ఆగలేదు. ఆగకపోవడంలోనే అతని రాజనీతి. దివిని ఏలే అయ్య వంశపు పిన్నచోడికి రాజ్యం తిరిగి అప్పగించాడు. అతని కూతుళ్ళు నారాంబను, పేరాంబను పెళ్ళిచేసుకున్నాడు. వాళ్ళ తమ్ముడు జాయపను చిన్నవాడుగా ఉండగానే ఓరుగల్లు తీసుకుపోయి పెంచాడు. గుండామాత్యుని దగ్గర నాట్యం నేర్పించాడు. పెద్దయ్యాక గజసేనకు అధిపతిని చేశాడు. ఏనుగులను నడిపిన ఆ చేతులే 1254 ప్రాంతంలో నృత్తరత్నావళి రాశాయి. ఎనిమిది అధ్యాయాల సంస్కృత గ్రంథం. భరతముని చెప్పిన మార్గనృత్యం మొదటి సగంలో ఉంటే, తన కాలంలో జనం ఆడే దేశినృత్యాలు రెండో సగంలో ఉన్నాయి. కోలాటం, పేరణి వంటివన్నీ. రాళ్ళపల్లి అనంతకృష్ణశర్మగారు దాన్ని తెలుగు చేశారు. ఓడిపోయిన ఊరి పిల్లవాడు గెలిచిన రాజు కొలువులో కూర్చుని, తెలుగువాళ్ళ కాళ్ళు ఎలా ఆడాయో ఏడువందల యాభై ఏళ్ళు నిలిచేట్టు రాసిపోయాడు. ఈ ప్రయాణంలో నాకు అన్నిటికంటే ఇష్టమైన మనిషి ఇతనే.

అతని ఆనవాలు చూడాలంటే నాగాయలంక మండలంలోని గణపేశ్వరం వెళ్ళాలి. తనను పెంచిన రాజు పేరు మీద జాయప కట్టించిన శివాలయమది. 1231 నాటి శాసనం ఉంది. దివిని ఓరుగల్లు గెలిచిన కథ, అయ్య వంశం కథ మనకు చాలావరకు ఆ రాతి వల్లే తెలిసింది. కూచిపూడి నాట్యం చూడడానికి దేశదేశాల నుంచి వచ్చేవాళ్ళు ఉన్నారు. వాళ్ళలో పదోవంతు మంది ఇంకాస్త ముందుకు వచ్చి గణపేశ్వరం చూసిపోతే బాగుండునని నా కోరిక. నాట్యం నేర్చుకునే పిల్లలను గజ్జెపూజ అయ్యాక ఒకసారి ఇక్కడికి తీసుకురండి.

ఇక చివరి యుద్ధభూమి. దీనికి రాజు లేడు, సేనాని లేడు. కోడూరు మీదుగా హంసలదీవి, పాలకాయతిప్ప. ఇటు నాగాయలంక దిగువన సొర్లగొంది. 1977 నవంబరు 19, శనివారం. గాలి తిరిగింది. సముద్రం తాటిచెట్టంత ఎత్తున లేచి వచ్చిందని ఇక్కడివాళ్ళు చెబుతారు. పదివేలమందికి పైగా పోయారు. పశువులకు లెక్కే లేదు. తెల్లవారాక బతికినవాళ్ళకు చుట్టూ ఊరు లేదు, గట్టు లేదు, దారి లేదు. తాగడానికి మంచినీళ్ళు లేవు. ఉప్పునీరు నిలిచిన పొలాలు మళ్ళీ పంటకు రావడానికి ఏళ్ళు పట్టింది. స్థానిక నాయకుడు మండలి వెంకటకృష్ణారావుగారు శవాల మధ్య తిరిగి చేసిన సేవను దివివాళ్ళు ఇప్పటికీ తలుచుకుంటారు. ఎక్కడెక్కడి స్వచ్ఛంద సంస్థలో వచ్చి ఇళ్ళు కట్టాయి. పోయినవారికి స్మారకస్తూపం ఉంది.

ఆ ఓటమి నుంచి నేర్చుకున్నది మాత్రం ఉంది. తీరం పొడుగునా తుఫాను ఆశ్రయాలు కట్టారు. బందరులో రాడారు పెట్టారు. హెచ్చరిక ఊరిదాకా చేరే ఏర్పాటు చేశారు. 1990 మేలో దాదాపు అంత బలమైన తుఫాను మళ్ళీ ఈ తీరాన్నే కొట్టింది. ముందుగానే లక్షలమందిని తరలించారు. పోయినవారు వెయ్యిలోపే. ఆ వెయ్యిమంది ఇళ్ళకు ఈ లెక్క ఓదార్పు కాదని తెలుసు. కానీ 1864లో 30,000, 1977లో 10,000 పైన, 1990లో వెయ్యిలోపు. ఈ నేల మీద ఎవరైనా గెలిచిన యుద్ధం ఉందంటే నా దృష్టిలో ఇదే. దీన్ని గెలిచింది రేడియో పెట్టె, ఆశ్రయపు మేడ, దండోరా వేసిన పంచాయతీ మనిషి, సముద్రం ఒడ్డున పెంచిన సరుగుడు తోట, మడ అడవి. మడను నరికి రొయ్యల చెరువులు తవ్వుకుంటూ పోతే ఆ గోడను మనమే పగలగొట్టుకున్నట్టు. నాగాయలంక నుంచి పడవ మీద ఆ మడల్లోకి వెళ్ళి చూడండి. నీళ్ళలోకి దిగిన ఆ వేళ్ళ అల్లిక చూస్తే, కెరటం ఎందుకు అక్కడ ఆగుతుందో ఎవరూ వివరించనక్కర్లేదు.

బయలుదేరేవారికి కొన్ని మాటలు. సంక్రాంతి ముందూ వెనకా వాతావరణం హాయిగా ఉంటుంది. కానీ అప్పుడే కోతలు, నూర్పిళ్ళు. రోడ్డు మీద సగం ధాన్యం ఆరబోసి ఉంటుంది, మిగతా సగంలో గడ్డి ట్రాక్టర్లు ఉంటాయి. హారను కొట్టకండి, నెమ్మదిగా పొండి. పర్రలోకి ఊరివాళ్ళు తోడు లేకుండా దిగకండి. హంసలదీవి సంగమం దగ్గర నీళ్ళలోకి దూరం పోకండి, అక్కడ లాగుడు ఎక్కువ. మంచినీళ్ళు వెంట పెట్టుకోండి.

అన్నిటికంటే ముఖ్యమైనది ఒకటుంది. ఆర్మ్ పుస్తకం లండనులో ఉన్నా, శాసనం రాతి మీద ఉన్నా ఎప్పుడైనా చదువుకోవచ్చు. 1977 ఉప్పెన చూసిన మనుషులు అలా ఆగరు. అప్పుడు పదేళ్ళ పిల్లలు ఇప్పుడు అరవైకి చేరువయ్యారు. అప్పటికే ఇల్లు, పిల్లలు ఉన్నవాళ్ళలో మిగిలింది కొద్దిమందే. దివిలో ఏ ఊళ్ళో ఆగినా రావిచెట్టు కింద ఒక పెద్దాయనో, అరుగు మీద ఒక మామ్మగారో ఉంటారు. ముందు మీరెవరో, ఏ ఊరో చెప్పండి. వాళ్ళిచ్చిన మజ్జిగ తాగండి. ఆ తర్వాతే అడగండి. నీళ్ళు ఎటునుంచి వచ్చాయి మామ్మా, ఏ చెట్టు పట్టుకున్నారు, ఎన్ని గంటలకు తీశాయి, మర్నాడు మొదట వచ్చిందెవరు అని. చెప్పలేకపోతే బలవంతపెట్టకండి. చెబితే, వాళ్ళ అనుమతితో మాట రికార్డు చేసుకుని, ఊరిపేరు, తేదీ రాసి, ఒక ప్రతి ఆ ఊరి బడిలో, ఇంకొకటి దగ్గర్లోని గ్రంథాలయంలో ఇవ్వండి. ఆకాశవాణికి పంపినా మేం భద్రంగా దాచుకుంటాం.